కమిటీకి వెళ్లే జవాబులో తేదీ మార్చమంటున్నారు

ఈ ఉత్తరం రాసినామె ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఫైనాన్స్ మేనేజరు. వయసు 52. పేరు, ఊరు, కంపెనీ వివరాలు తీసేసి ఆమె సమస్యను క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆ కంపెనీలో రిటైరయ్యేవాళ్లకు 300 రోజుల ఎర్న్‌డ్ లీవుకు డబ్బు ఇస్తూ, అది చాలక మిగిలిన సిక్ లీవులకు కూడా విడిగా డబ్బు కట్టి ఇచ్చేవారు. చాలా ఏళ్లు అలాగే నడిచింది. 2014లో ఈమె డిప్యూటీ మేనేజరుగా ఉన్నప్పుడు, ఇది డీపీఈ (ప్రభుత్వ రంగ సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చే కేంద్ర శాఖ) సూచనలకు సరిపోవడం లేదనీ, ఆపాలి లేదా పైనుంచి అనుమతి తెచ్చుకోవాలనీ ఒక నోట్ పెట్టారు. ఫైలు పైకి వెళ్లి, మార్జిన్‌లో ‘ప్లీజ్ డిస్కస్’ అన్న రెండు మాటలు, ఒక పొట్టి సంతకంతో కిందికి దిగింది. డిస్కషన్ జరిగింది. అందులో ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు. చెల్లింపులు ఆగలేదు. 2019లో ఆడిట్ వాళ్లు పట్టుకున్నారు. అప్పుడు చెల్లింపులు ఆపారు. కాగ్ రిపోర్టులో పేరా వచ్చింది. ఇప్పుడు ఆ పేరాను పార్లమెంటు ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ, అంటే ఆఫీసుల్లో అందరూ ‘కోపు’ అనే కమిటీ, పరిశీలనకు తీసుకుని కంపెనీకి ప్రశ్నావళి పంపింది. అందులో ఒక ప్రశ్న: ఈ చెల్లింపులు నిబంధనలకు విరుద్ధమని యాజమాన్యానికి మొదట ఎప్పుడు తెలిసింది?

ఈమె డ్రాఫ్టులో 2014 అని రాశారు. జీఎం పెన్సిల్‌తో దాన్ని కొట్టేసి 2019 అని పెట్టారు. ‘అప్పటిది చిన్న నోట్ అమ్మా, దాన్ని ఎవరూ అడగలేదు. పాతవాళ్లందర్నీ ఎందుకు ఇరికిస్తావు’ అన్నారట. ఆ మాట కాగితం మీద లేదు.

కష్టం అక్కడితో ఆగలేదు. ఈమెకు పని నేర్పిన సీనియర్ ఒకాయన, ఈమె ఇప్పటికీ మాస్టారు అనే పిలుస్తారు, 2016లో రిటైరై ఆ పద్దు కింద ఆరు లక్షల దాకా తీసుకున్నారు. అమ్మాయి పెళ్లికి ఖర్చయిపోయింది. ‘లిస్టులో నా పేరుందా తల్లీ’ అని ఫోన్ చేశారు. భర్త అదే కంపెనీలో టెక్నీషియను, వచ్చే మార్చిలో రిటైరవుతారు. యూనియన్ వాళ్లు సిక్ లీవు డబ్బు మళ్లీ ఇప్పించాలని పట్టుబడుతున్నారు. ‘మీ ఆవిడ పెట్టిన మంటే ఇది’ అని ఆయన్ని క్యాంటీన్‌లో అంటున్నారట. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ‘నిజం రాస్తే నావాళ్ల డబ్బు పోతుంది. రాయకపోతే నేను పోతాను. ఏం చేయమంటారు?’ అని అడిగారు.

మీరు అడిగిన ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. నిజం రాస్తే నావాళ్ల డబ్బు పోతుందని మీరు గట్టిగా నమ్ముతున్నారు. మీకు నిద్ర పట్టకుండా చేస్తున్నది అదే. ఆ నమ్మకం సరైంది కాదని నా అభిప్రాయం. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది వోచర్లలో ఉంది. మాస్టారికి డబ్బు ముట్టింది 2016లో. మీరు జవాబులో 2014 అని రాసినా, 2019 అని రాసినా ఆ చెల్లింపు తేదీ మారదు, మొత్తం మారదు, అది నిబంధన దాటిందన్న ఆడిట్ అభ్యంతరమూ మారదు. మరి 2019 అని రాస్తే ఎవరికి లాభం? నోట్ చదివి కూడా ఐదేళ్లు చెల్లింపులు నడిపిన వాళ్లకు. జీఎం గారు ‘పాతవాళ్లు’ అన్నది డబ్బు తీసుకున్నవాళ్ల గురించి కాదు, సంతకాలు పెట్టినవాళ్ల గురించి. మీరు మాత్రం ఆ మాట వినగానే మాస్టారి మొహం గుర్తు తెచ్చుకున్నారు. ఈ రెండు గుంపులనూ మనసులో విడదీసుకోండి, సగం భారం దిగుతుంది.

ఇక రికవరీ భయం గురించి. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. ఉద్యోగి మోసం గానీ తప్పుడు సమాచారం గానీ లేకుండా, యజమాని తన పొరపాటుతో ఎక్కువ చెల్లించినప్పుడు, ఏయే సందర్భాల్లో ఆ డబ్బు వెనక్కి వసూలు చేయకూడదో అందులో చెప్పింది. గ్రూప్ సి, డి స్థాయి ఉద్యోగుల నుంచి వద్దంది. రిటైరైనవాళ్లు, రికవరీ ఉత్తర్వు నాటికి ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల నుంచి వద్దంది. ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించి ఎక్కువ చెల్లింపు నడిచిన సందర్భాల్లో కూడా వద్దంది. 2022లో థామస్ డేనియల్ అనే రిటైర్డ్ టీచరు కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది. మాస్టారి పరిస్థితి చూస్తే ఆయనకు చెప్పుకోవడానికి బలమైన మాటలే ఉన్నాయి.

ఒక మెలిక కూడా ఉంది. 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో, ‘ఎక్కువ ఇచ్చినట్టు తేలితే తిరిగి కడతాను’ అని ఉద్యోగి ముందే రాసిచ్చి ఉంటే, రిటైరైనవాడైనా సరే వసూలు చేయవచ్చని అదే కోర్టు అంది, వాయిదాల్లో తీసుకోమంది. మీ కంపెనీలో రిటైర్మెంట్ రోజున ఫైనల్ సెటిల్మెంట్ కాగితాల కట్టలో అండర్‌టేకింగ్ ఒకటి సంతకం పెట్టించుకునే అలవాటు ఉందేమో చూడండి. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం చేస్తారు, ఆరోజు దండలు, ఫోటోల హడావుడి అలాంటిది. మాస్టారి డబ్బు విషయం తేలేది ఆ ఫారంలోని వాక్యాన్ని బట్టి. మీ జవాబులోని ఏడాదిని బట్టి కాదు.

మీ 2014 నోట్ డబ్బు తీసుకున్నవాళ్లకు కీడు చేయదని ఇంకో రకంగా కూడా చెప్పవచ్చు. విషయం ఫైనాన్స్‌కు తెలుసు, పైవాళ్లకు తెలుసు, అయినా కంపెనీయే ఇచ్చింది. ఉద్యోగులు దాచిందేమీ లేదు, కోరి మోసం చేసిందేమీ లేదు. రేపు ఎవరైనా కోర్టుకెళ్లాల్సివస్తే వాళ్ల పక్షాన నిలిచేది ఈ వాస్తవమే.

ఇప్పుడు కమిటీ సంగతి. మీ ఉత్తరంలో అది కోర్టు లాగా, మిమ్మల్ని బోనులో నిలబెట్టబోతున్నట్టుగా ఉంది. అలా ఊహించుకోకండి. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7 మంది ఉండే ఈ కమిటీ 1964 మే 1న ఏర్పడింది. మంత్రులు ఇందులో ఉండరు. సంస్థల లెక్కలు, వాటి మీద కాగ్ రిపోర్టులు, వ్యాపారం జాగ్రత్తగా చేస్తున్నారా లేదా అన్నది చూస్తుంది. రోజువారీ పరిపాలనలోకి వెళ్లదు, ప్రభుత్వ పెద్ద విధానాల జోలికీ పోదు. సాక్ష్యం చెప్పాల్సింది సీఎండీ (కంపెనీ ఛైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టరు), డైరెక్టర్లు. తర్వాత మంత్రిత్వ శాఖ కార్యదర్శిని పిలుస్తారు. మీరు వెళ్లినా వెనక వరసలో ఫైళ్లతో కూర్చుని ముందువాళ్లకు చీటీలు అందించే పనే ఉంటుంది. కమిటీ శిక్షలు వేయదు, రికవరీ ఉత్తర్వులు ఇవ్వదు. సిఫార్సు చేస్తుంది. ప్రభుత్వం దానిపై ఏం చేసిందో ఆరు నెలల్లో చెప్పాలి, ఆ జవాబుల మీద కమిటీ మళ్లీ ఇంకో రిపోర్టు ఇస్తుంది.

అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు. కమిటీకి తెలిసి తెలిసి తప్పు సమాచారం ఇవ్వడం సభాహక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. పైగా కాగ్ పేరాల మీద విచారణ జరిగేటప్పుడు కాగ్ అధికారులు కమిటీకి సాయంగా అక్కడే కూర్చుంటారు. 2019లో ఆడిట్ పార్టీ మీ ఆఫీసులో కూర్చుని హాఫ్ మార్జిన్లు (ఆడిట్ వాళ్లు కాగితం మీద రాసి అడిగే ప్రశ్నలు) ఇచ్చినప్పుడు ఏ ఫైలు అడిగి తీసుకుంది? లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ పాలసీ ఫైలే అయ్యుంటుంది. అందులో మీ నోట్ ఉంది. వాళ్లు దాని కాపీ తీసి తమ కాగితాల్లో పెట్టుకున్నారని అనుకోవడమే క్షేమం. అప్పుడు 2019 అన్న జవాబు చదివిన కమిటీ ముందు, కాగ్ అధికారి 2014 నాటి పేజీ తీసి పెడితే, సీఎండీ వెనక్కి తిరిగి చూసేది డ్రాఫ్టు తయారుచేసినవాళ్ల వైపే. ఆ క్షణాన జీఎం గారి పెన్సిల్ రాత ఎవరికీ కనిపించదు.

మన దేశంలో ప్రభుత్వ రంగ సంస్థల మీద పార్లమెంటు నిఘా గురించి గట్టిగా మాట్లాడుకోవడానికి కారణమైన వ్యవహారాల్లో ముంద్రా కేసు ఒకటి. 1957లో ఎల్‌ఐసీ తన ఇన్వెస్ట్‌మెంట్ కమిటీని అడగకుండా హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల షేర్లను దాదాపు కోటీ పాతిక లక్షలు పెట్టి కొన్నది. ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేవనెత్తాక, జస్టిస్ ఛాగ్లా విచారణలో అన్నిటికంటే ఎక్కువగా నలిగిన ప్రశ్న, కొనమని ఎవరు చెప్పారు, మంత్రికి ఎప్పుడు తెలుసు అన్నదే. కార్యదర్శి మంత్రికి తెలుసన్నారు, మంత్రి నాకు తెలియదన్నారు. నోటిమాటల మీద నడిచిన పని కాబట్టి అంత రగడ. చివరికి 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సివచ్చింది. మీ కమిటీ ‘మొదట ఎప్పుడు తెలిసింది’ అని అడిగిందంటే అది కాలక్షేపం ప్రశ్న కాదు. తెలిసీ ఊరుకోవడం, తెలియక పొరబడటం వేరువేరు సంగతులు కాబట్టే అడుగుతుంది. ఆ కంపెనీ డబ్బు జనం డబ్బు, దాని మీద జనం తరఫున అడిగే హక్కున్నవాళ్లు వాళ్లు. నేను ఈ ప్రశ్నను గౌరవిస్తాను. మీరూ గౌరవిస్తారు కాబట్టే 2014 అని రాశారు.

మీ ముందున్న దారులు చూద్దాం.

జీఎం చెప్పినట్టు 2019 అని సంతకం పెట్టి పంపడం ఒకటి. ఇప్పటికి ఇంట్లో, ఆఫీసులో గొడవ సద్దుమణుగుతుంది. మీ ఏపీఆర్ (ఏటా పైవాళ్లు రాసే పనితీరు నివేదిక) బాగానే వస్తుంది. కానీ 2014లో అభ్యంతరం చెప్పిన మనిషీ మీరే, ఆ అభ్యంతరం లేదని రాసిన మనిషీ మీరే అవుతారు. ఒకే ఫైలులో రెండు కాగితాల మీద ఒకే సంతకం. జీఎం గారికి ‘నాకు ఆ నోట్ సంగతి తెలియదు, కింద నుంచి అలాగే వచ్చింది’ అనడానికి వీలుంటుంది. మీకు ఆ వీలు లేదు. ఈ దారి వద్దనే చెబుతాను.

సెలవు పెట్టడం, ఆ పని నుంచి తప్పించమని అడగడం ఇంకొకటి. చాలామంది ఇదే చేస్తారు, తప్పని నేననను. ఆరోగ్యం నిజంగా దెబ్బతింటుంటే చేయండి. కానీ నోట్ మీద మీ పేరు అలాగే ఉంటుంది, మీ సీట్లో కూర్చునే జూనియర్ మీద పెన్సిల్ గీత పడుతుంది.

నాకు సరైనదనిపించేది మూడోది. జీఎం గారు అడిగినదాంట్లో కొంత న్యాయం కూడా ఉంది, ఎవర్నీ అనవసరంగా ఇరికించొద్దన్నారు. కమిటీ ఎవరి పేరూ అడగలేదు. కాబట్టి పేర్లు, నిందలు లేకుండా, వాస్తవం మాత్రం తప్పకుండా ఉండేలా రాయండి. ఉదాహరణకు ఇలా: ‘ఈ చెల్లింపులు డీపీఈ సూచనలకు అనుగుణంగా లేవని ఫైనాన్స్ విభాగం 2014లో అంతర్గత నోట్‌లో ప్రస్తావించింది. దానిపై లిఖితపూర్వక నిర్ణయం ఫైలులో నమోదు కాలేదు. 2019లో ఆడిట్ ప్రశ్న వచ్చిన తర్వాత చెల్లింపులు నిలిపివేయడమైంది.’ మూడు వాక్యాలు. ఏ ఒక్కరినీ వేలెత్తి చూపడం లేదు. నోట్ కాపీని అనుబంధంగా జతచేసి, పేజీ నంబరు వేయండి.

ఈ డ్రాఫ్టును జీఎం గారి దగ్గరికి తలుపు వేసున్నప్పుడు తీసుకెళ్లండి, నలుగురిలో కాదు. ‘సార్, కాగ్ దగ్గర ఈ నోట్ ఉండే అవకాశం ఉంది. సీఎండీ గారు కమిటీ ముందు ఇబ్బంది పడకూడదు’ అని చెప్పండి. ఇది ఎత్తుగడ కాదు, నిజంగానే సీఎండీని కాపాడే మాట. ఇలా చెబితే చాలామంది పెద్ద అధికారులు వింటారు. అప్పటికీ ఆయన మార్చమంటే, ‘తమరితో ఫలానా తేదీన చర్చించిన మీదట డ్రాఫ్టు ఆదేశాల కోసం సమర్పిస్తున్నాను, 2014 నోట్ పేజీ ఫలానా’ అని ఫైలులో రాసి పైకి పంపండి. మార్చాలనుకుంటే ఆయనే మార్చి ఆయనే సంతకం పెట్టాలి. నోటితో చెప్పి పంపినదాన్ని కాగితం మీద పెట్టాల్సివచ్చినప్పుడు మనుషులు ఆగి ఆలోచిస్తారు. ఈసారి ‘ప్లీజ్ డిస్కస్’ అని వస్తే, డిస్కస్ చేసి వచ్చిన సాయంత్రమే ఏమనుకున్నారో రెండు వాక్యాలు రాసి ఫైలులో పెట్టండి. 2014లో జరగనిది అదే.

దీనివల్ల మీకు నష్టం లేదని నేను చెప్పలేను. ఏపీఆర్‌లో ఒక మెట్టు తగ్గవచ్చు, ట్రాన్స్‌ఫర్ రావచ్చు, మీటింగులకు పిలవడం మానేయవచ్చు. మీవారి రిటైర్మెంట్ ముందు ట్రాన్స్‌ఫర్ అంటే చిన్న విషయం కాదని తెలుసు. ఆ అవకాశాన్ని ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

బయటికి వెళ్లే దారి కూడా ఉంది, కానీ ఇప్పుడే కాదు. ఆ నోట్ ఫైలులోంచి మాయమైతేనో, పేజీలు మారితేనో అప్పుడు. మీ కంపెనీలో విజిల్ మెకానిజం (అక్రమాల గురించి లోపలే ఫిర్యాదు చేసే ఏర్పాటు) ఉంటుంది, ఆడిట్ కమిటీ ఛైర్మన్‌ను నేరుగా కలవవచ్చు. సీవీఓ, అంటే కంపెనీలోని చీఫ్ విజిలెన్స్ ఆఫీసరు ఉన్నారు. అదీ కుదరకపోతే 2004 నాటి ప్రభుత్వ తీర్మానం కింద సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ కార్యదర్శికి అంటించిన కవరులో రాయవచ్చు. కవరు మీద అది పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ కింద ఫిర్యాదు అని ఉండాలి, మీ పేరు లోపలి ఉత్తరంలోనే ఉండాలి, పేరు లేని ఉత్తరాలు పట్టించుకోరు. మీ వివరాలు రహస్యంగా ఉంచే బాధ్యత కమిషన్‌ది. అయితే 2014లో వచ్చిన విజిల్ బ్లోయర్ల చట్టం కాగితం మీద ఉన్నా అమల్లోకి రాలేదు, కాబట్టి రక్షణ మీరు ఊహించుకున్నంత గట్టిగా ఉండదు. పైగా అంత వివరంగా రాస్తే, ఇది ఎవరు రాశారో మీ ఆఫీసులో ఊహించడం కష్టం కాదు. పత్రికలకు ఇవ్వడం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మాత్రం అసలు చేయొద్దు. కమిటీ రిపోర్టు సభ ముందుకు వచ్చేదాకా ఆ కాగితాలు రహస్యం. సీడీఏ రూల్స్ (ఉద్యోగుల ప్రవర్తన, క్రమశిక్షణ నియమాలు) కింద మీ మీదే చర్య మొదలవుతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. నోట్ జిరాక్స్ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టుకోవద్దు కూడా. దాని చోటు ఫైలే.

మీరు ఉత్తరంలో పెద్దగా పట్టించుకోని ఒక విషయం నన్ను ఆపింది. మీవారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఈ జవాబు ఎలా వెళ్తుంది, ప్రభుత్వం ఏం నిర్ణయిస్తుంది అన్నదాన్నిబట్టి ఆయనకు వచ్చే డబ్బు మారుతుంది. అంటే మీకు ఇందులో స్వంత ఆసక్తి ఉంది. ఆ సంగతి ఒక వాక్యంలో ఫైలు మీద రాసి పెట్టండి. రేపు యూనియన్ వాళ్లు గానీ, జీఎం గారు గానీ దాన్ని మీ మీద ఆయుధంగా వాడకముందే మీరే చెప్పినవాళ్లవుతారు. మీరు నిజం రాస్తే మీ ఇంటికే నష్టమని కూడా అందులోనే తెలుస్తుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు లెక్క కాగితం ముందు పెట్టుకుని మాట్లాడండి. ఆయన ఇంకా ఏమీ తీసుకోలేదు. కాబట్టి రికవరీ అన్న మాటే ఆయనకు వర్తించదు. ఎర్న్‌డ్ లీవుకూ అర్ధ వేతన సెలవుకూ కలిపి 300 రోజుల దాకా ఇవ్వొచ్చన్నదే డీపీఈ చెప్పింది. ఆయన ఖాతాలో ఎర్న్‌డ్ లీవులు 300 కంటే తక్కువుంటే, ఆ లోటు మేరకు అర్ధ వేతన సెలవులకు ఆ సెలవు జీతం లెక్కన డబ్బు రావచ్చు. మీ కంపెనీలో సిక్ లీవంటే అర్ధ వేతన సెలవేనా అన్నది హెచ్‌ఆర్‌లో కనుక్కోండి. ఆయన లీవ్ కార్డు తెచ్చుకుని ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. పోయేది ఎంతో అంకెల్లో తెలిశాక గొడవ చిన్నదవుతుంది. క్యాంటీన్ మాటలకు ఆయన జవాబు చెప్పాల్సిన అవసరం లేదు, కానీ ఆయన అవమానపడ్డారని మీకు తెలుసని ఆయనతో అనండి. మీ ఉత్తరం చదివితే ఆ మాట ఇంతవరకు మీ ఇద్దరి మధ్యా రానట్టుంది.

మాస్టారికి మీరే ఫోన్ చేయండి. లిస్టులో పేరుందా లేదా చెప్పే హక్కు మీకు లేదు, ఆయనకూ ఆ సంగతి తెలుసు, అంతకాలం అదే సీట్లో కూర్చున్నారు. ‘మాస్టారూ, ఆఫీసు సంగతులు చెప్పలేను. మీ రిటైర్మెంట్ కాగితాల్లో అండర్‌టేకింగ్ ఏదైనా ఇచ్చారేమో చూసుకోండి, మీకు నోటీసు వస్తే జవాబివ్వకముందు సర్వీసు కేసులు చూసే లాయరును కలవండి’ అని చెప్పండి. ఏమీ కాదని మాట ఇవ్వకండి. ఇచ్చిన మాట నిలబడకపోతే ఆయనకు రెట్టింపు బాధ.

జీఎం గారు మూడు వాక్యాల డ్రాఫ్టుకు ఏమన్నారో, మీ కంపెనీ అండర్‌టేకింగ్ ఫారంలో సరిగ్గా ఏ మాటలున్నాయో మళ్లీ రాయండి. రికవరీ విషయంలో ముందుకు ఏం చేయాలో ఆ మాటలు చూశాకే చెప్పగలను.